పేరులో కోడి, డ్రమ్ములో దోమ

జబ్బు పేరులో కోడి వినిపించడమే శివమ్మ పొట్ట కొట్టింది.

గుమ్మడిదల పోయే రోడ్డు మీద, పటాన్‌చెరు ఆటోలు ఆగే మలుపు దగ్గర, ఎర్రగుంటపల్లిలో ఆమెకు రేకుల కప్పు వేసిన చిన్న కోళ్ల దుకాణం ఉండేది. ముందు జాలీ పంజరం, లోపల చింతమొద్దు, పక్కన తరాజు. ఆ దుకాణం దాకా రావడానికి ఆమె చాలా పనులు దాటి వచ్చింది. పుట్టింది కూలి ఇంట్లో. నడుం వంచడం చేతనైన నాటి నుంచి నాట్లు వేసింది, కలుపు తీసింది. పెళ్లయి ఎర్రగుంటపల్లి వచ్చాక కొమురయ్య పటేలు పొలాల్లో కోతలకు పోయింది. తర్వాత చుట్టూ మందుల ఫ్యాక్టరీలు లేచాయి. బోర్లలో నీళ్లు డికాక్షన్ రంగుకు తిరిగాయి. వరి పోయింది, వరితో పాటు కూలీ పోయింది. భర్త యాదన్న ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర కుదిరాడు. శివమ్మ కూడా సీసాలు కడిగే పనికి పోయింది గాని, చేతుల తోలు ఊడి రావడంతో మానుకుంది. ఊళ్లో కిరాయి గదుల్లో దిగిన బీహారు, ఒడిశా కూలీలు ఆదివారం వస్తే కోడి కోసం పటాన్‌చెరు దాకా పోయిరావడం చూసి ఆమెకు ఆలోచన తట్టింది. నాలుగు కోళ్లతో మొదలుపెట్టింది. చెయ్యి చురుకు, నోరు తీపి.

"భాభీ, లెగ్ పీస్ జ్యాదా డాలో" అని వాళ్లు అడిగితే, "కోడికి రెండే కాళ్లుంటయిరా నాయనా, మూడోది ఏడికెల్లి తేవాలె" అని నవ్వేది.

ఆ నవ్వు రెండువేల ఆరు వానాకాలం దాకా సాగింది.

జ్వరం ముందు కిరాయి గదుల్లో మొదలైంది. తర్వాత శివమ్మ ఇంట్లోకే వచ్చింది. సాయంత్రం దాకా వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ కూర్చున్న అత్త సత్తెమ్మ తెల్లవారి లేవలేకపోయింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. వేళ్లు ముడుచుకుపోయాయి. అన్నం ముద్ద కలుపుకోలేక, నీళ్ల చెంబు ఎత్తలేక, "నన్ను మూలకు కూసోవెట్టు బిడ్డా, ఇగ లేవ" అని ఏడ్చింది. వారం తిరిగేసరికి ఊరంతా వంగి నడవడం మొదలుపెట్టింది. పాతికేళ్ల పోరగాళ్లు గోడలు పట్టుకుని బయటికి పోతున్నారు. పెళ్లయి ఏడాది నిండని కోడళ్లు ముసలమ్మల్లా నడుం మీద చెయ్యి వేసుకుని ముగ్గు గిన్నె వదిలేశారు.

పటాన్‌చెరులో డాక్టరు దీన్ని చికున్‌గున్యా అన్నాడు. ఆ మాట ఆటో ఎక్కి ఎర్రగుంటపల్లిలో దిగేసరికి చికెన్ గున్యా అయింది.

అంతే. దుకాణం ముందు మనిషి ఆగితే ఒట్టు. పంజరంలో కోళ్లు మేత తిని బలిసి ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. ఒకరోజు కొమురయ్య పటేలు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. మంచి మనిషే. కూలి ఎగ్గొట్టినవాడు కాదు, నోరు జారినవాడు కాదు. అందుకే ఆయన మాట ఊళ్లో చెల్లుతుంది.

"శివమ్మా, జెర కొన్ని దినాలు దుకాణం బంద్ వెట్టు" అన్నాడు.

"ఎందుకు పటేలా?"

"ఎందుకంటవేంది? రోగం పేర్లనే చికెన్ ఉండె. డాక్టరే చెప్పిండు."

"పటేలా, మా అత్త మెడల తులసి కంఠి ఏస్కున్నంక కోడికూర వాసన గూడ సూడలే. మా ఇంట్ల ఆమె కుండ వేరే, పొయ్యి వేరే. మరి ఆమెకెట్ల వచ్చింది?"

పటేలు వెనక్కి తిరిగి చూశాడు. వెనక నుంచి ఎవరో, "గాలి సోకి ఉంటది. ఇంట్లనే కోళ్లు కోసేదాన్ని వెట్టుకోని గట్లంటే ఎట్ల" అన్నారు. ఆ మధ్యాహ్నమే శివమ్మ దుకాణం తడక దించింది.

తడక దించిన దానికంటే ఎక్కువ ఆమెను కోసింది ఇంకొకటి. సత్తెమ్మ మంచంలో పడుకుని, కోడలు అన్నం తినిపించబోతే నోరు తెరవకుండా, "చేతులు మంచిగ కడుక్కున్నవా?" అని అడిగింది. ఇన్నేళ్లలో అత్త నోట ఆ మాట ఎప్పుడూ రాలేదు.

రాజారావు ఆ రోజుల్లోనే వచ్చాడు. ఆయన మలేరియా శాఖలో సూపర్‌వైజరు. తెల్లబడ్డ క్రాపు, ముందు టార్చి, వెనక సంచి కట్టిన పాత స్కూటరు. సంచిలో తెల్లటి ఎనామిల్ గిన్నె, పొడుగు కాడ గరిటె. ఇల్లిల్లూ తిరిగి నీళ్ల డ్రమ్ములు తెరవమంటున్నాడు. కొందరు తెరిచారు, చాలామంది తిట్టారు.

ఎర్రగుంటపల్లిలో డ్రమ్ము లేని గడప లేదు. ఊరి నీళ్లు నోట్లో పోసుకోవడానికి పనికిరాకుండా పోయాక సర్కారు టాంకరు పంపేది. అది వచ్చినప్పుడు రావడమే. ఒకసారి రెండు రోజులకు, ఒకసారి వారానికి. అందుకే తుక్కు దుకాణాల్లో నీలం డ్రమ్ములు కొనుక్కొచ్చి, కడిగి, ఎండబెట్టి, వరుసగా నిలబెట్టుకున్నారు. పిల్లనిచ్చేవాళ్లు ఇంటి ముందు డ్రమ్ములు లెక్కపెట్టుకుని పోతారని ఊళ్లో ఒక హాస్యం ఉండేది.

శివమ్మ ఏమీ అనకుండా తన డ్రమ్ము మూత తీసింది. ఎవరైనా ఆమె గడప తొక్కి చాలా రోజులైంది. రాజారావు టార్చి వేసి, గరిటెతో అంచు వెంట నీళ్లు ముంచి, తెల్ల గిన్నెలో పోశాడు.

"ఇదిగో చూడమ్మా."

సన్నటి నలుసులు. గిన్నె కదిలితే గిలగిలా మెలికలు తిరుగుతూ అడుక్కి దిగిపోతున్నాయి.

"ఏం పురుగులు సారూ ఇవి?"

"దోమ పిల్లలు."

"దోమలు మోరీలల్ల పుడ్తయి గద సారూ. ఇవి తాగే నీళ్లాయె."

"మోరీ దోమ వేరమ్మా. ఇది మంచినీళ్ల దోమ. కదలకుండా నిలిచిన శుభ్రమైన నీళ్లు కావాలి దీనికి. పగటిపూట కుడుతుంది. ఇప్పుడు మీ ఊళ్లో ఉన్న జ్వరాన్ని ఒకరి నుంచి ఒకరికి మోస్తున్నది ఇదే."

శివమ్మ గిన్నె మీది నుంచి తల ఎత్తింది. "కోళ్లు గాదా సారూ?"

రాజారావుకు ముందు అర్థం కాలేదు. తడక దించిన దుకాణం, దాని మీది బోర్డు చూశాక అర్థమైంది. నవ్వు ఆపుకున్నాడు. "కోడికీ దీనికీ ఏ సంబంధమూ లేదమ్మా. ఆ పేరు ఆఫ్రికాలో ఒక భాష నుంచి వచ్చిందట. వంగిపోవడం అని దాని అర్థం. చెవికి అట్లా వినిపిస్తుంది, అంతే."

శివమ్మ గడప మీద కూలబడింది. నెత్తి మీది బండ ఎవరో చేతులిచ్చి దించినట్టయింది. తర్వాత లేచి, "సారూ, గీ మాట జెర పంచాయితి కాడ నిలవడి చెప్పుండ్రి. మీకు పుణ్యముంటది" అంది.

ఆయన చెప్పాడు. విన్నవాళ్లు తక్కువ. విన్నవాళ్లలో నమ్మినవాళ్లు ఇంకా తక్కువ. "నీళ్లల్ల పురుగులకు రెక్కలొస్తయంట" అని నవ్వుకుంటూ పోయారు. రాజారావు స్కూటరు ఎక్కబోతుంటే శివమ్మ అడ్డం నిలబడింది.

"సారూ, ఇవి నిజంగ దోమలయితయా? కండ్లతోటి సూడొచ్చా?"

"ఎందుకు చూడకూడదు? గాజు సీసాలో ఆ నీళ్లే పోసి, మూతికి పలచటి బట్ట గట్టిగా కట్టి పెట్టు. కొన్ని రోజుల్లోనే చూస్తావు. ఒక్కటి మాత్రం, బట్ట విప్పకు."

సీసా దొరకడం తేలికే. ఎవరింటి నీళ్లన్నదే చిక్కు. తన ఇంటివైతే, కోళ్ల ఇల్లు కాబట్టి పురుగులున్నాయంటారు. శివమ్మ బాగా ఆలోచించి, ఖాళీ హార్లిక్స్ సీసా కొంగులో పెట్టుకుని కొమురయ్య పటేలు ఇంటి వెనక దర్వాజాకు పోయింది. పటేలు భార్య రాధమ్మ అరుగు మీద మోకాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు.

"అక్కా, మీ డ్రమ్ముల నీళ్లు ఒక్క సీసెడు కావాలె."

"నీళ్లకే వచ్చినవా? టాంకరు నిన్ననే వచ్చె గద."

శివమ్మ దాచకుండా ఉన్నదంతా చెప్పింది. రాధమ్మ కోపగించుకుంటుందని అనుకుంది. రాధమ్మ మాత్రం వాచిన పాదాల కేసి చూసుకుని, "కోడికూర తినక తినక నా నాలిక సప్పవడిపోయింది. గా మొదటి డ్రమ్ముల ముంచుకో. జల్దీ పో, పటేలు వచ్చే యాళ్లయింది" అంది.

సీసా దుకాణం గట్టు మీద, ఆటో కోసం నిలబడేవాళ్ల కంటికి ఆనేట్టు పెట్టింది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. కాని ఆటో కోసం నిలబడ్డ మనిషికి ఇంకేం పని? ఒకరు వంగి చూశారు. మర్నాడు ఇంకొకరు. నలుసులు లావయ్యాయి. తర్వాత తల పెద్దదై, కొడవలిలా వంకర తిరిగి, మేత మానేసి పైకి తేలాయి. "సచ్చినయి" అన్నాడొకడు. "సావలే. కోడిగుడ్డు లోపట పిల్ల ఉన్నట్టు ఉన్నయి" అంది శివమ్మ. చెప్పిందే గాని ఆమెకూ నమ్మకం లేదు. పొద్దున లేవగానే ముందు సీసా దగ్గరికే పోయేది. నిజంగా చచ్చిపోతే తన దుకాణం కూడా వాటితోనే చచ్చినట్టే.

ఒకనాటి పొద్దున బట్ట లోపలి వైపు దోమలు వాలి ఉన్నాయి. నల్లటి కాళ్ల మీద సున్నంతో గీసినట్టు తెల్లటి పట్టీలు. నీళ్ల మీద అవి విడిచిన పొట్టు తేలుతోంది. ఫ్యాక్టరీకి పోవాల్సిన ఒడిశా పిలగాడు చూసి, "అరే, యే తో మచ్ఛర్ బన్ గయా!" అని అరిచాడు. షిఫ్టు ఆటో హారను కొడుతున్నా ఎవరూ కదలలేదు. ఆ గుంపులోకి కొమురయ్య పటేలు వచ్చాడు. కళ్లద్దాలు తుడుచుకుని సీసా పైకెత్తి చూశాడు.

"గివే కుడ్తున్నయి మనల పగటీలి" అన్నాడు మెల్లగా. తర్వాత, "ఎవరింటి నీళ్లివి?"

రాధమ్మ కర్ర ఊతంతో అప్పుడే అక్కడికి వచ్చింది.

"మనింటియే. నేనే ఇచ్చిన."

పటేలు భార్యను చూశాడు, సీసాను చూశాడు, దించి ఉన్న తడకను చూశాడు. "ముందుగాల వీటిని సంపు శివమ్మా, బయటికి పోనియ్యకు. ఐతారం దుకాణం తెరువు. మా ఇంటికి కిలో పంపు."

శివమ్మ సీసాను సబ్బు నీళ్ల బకెట్లో ముంచి, బట్ట అక్కడే విప్పింది. ఆమె ముఖం వెలిగిపోతోంది. ఆ మధ్యాహ్నం అన్నం కలిపి పెడుతుంటే సత్తెమ్మ నోరు తెరిచింది. సగం తిన్నాక, "పిచ్చిదాన్ని, ఎవరో అంటే ఇన్న" అంది. శివమ్మ ఇంకో ముద్ద పెట్టింది.

దుకాణం తెరుచుకుంది గాని ఊళ్లో దోమ పోలేదు. డ్రమ్ములు వారానికొకసారి ఖాళీ చేసి, లోపలి గోడ పీచుతో రుద్ది, ఎండలో పెట్టి మళ్లీ నింపుకోమన్నాడు రాజారావు. గుడ్లు నీళ్లలో కాదు, నీళ్ల అంచు దగ్గర గోడకు అంటుకుని ఉంటాయని, రుద్దకుండా పారబోస్తే లాభం లేదని చెప్పాడు. ఈసారి నమ్మకం లేక కాదు, కడుపు మండి తిట్టారు ఆడవాళ్లు.

"బిందె నీళ్లకు జుట్లు వట్టుకుంటున్నం. పారబొయ్యమంటడా? ఆయనింట్ల నల్లా ఉంటది, ఆయనకేం."

వాళ్ల మాటలో తప్పు లేదని శివమ్మకు తెలుసు. టాంకరు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు, అడుగున మిగిలిన నీళ్ల మీదే కొత్త నీళ్లు పోసుకుంటారు ఎవరైనా. అసలు మెలిక అక్కడే ఉంది. టాంకరు నడిపే పెద్దరాములు ఆమె దుకాణం దగ్గరే బండి ఆపి బీడీ తాగేవాడు.

"రాములన్నా, నువ్వు వచ్చే దినం ముందుగాల చెప్పరాదే?"

"నా చేతుల ఏమున్నది చెల్లె? ఆఫీసుల యాడికి పొమ్మంటే ఆడికి పోత. ఒక్క దినం కట్టియ్యమను, గడియారం లెక్క వస్త."

ఆ మాట శివమ్మ పటేలుకు చేరవేసింది. పటేలు రాజారావు స్కూటరు వెనక ఎక్కి మండలాఫీసుకు పోయాడు. ఒకసారి పోతే కాలేదు. మళ్లీ పోయారు. కడకు ఆదివారం, బుధవారం అని ఖాయమైంది. పెద్దరాములు మలుపు దగ్గర నుంచే హారను నొక్కుకుంటూ వచ్చేవాడు. ఆదివారం పొద్దున ఊరంతా డ్రమ్ములు పడుకోబెట్టి, బూడిద వేసి, కొబ్బరి పీచుతో రుద్దే చప్పుడే. మిగిలిన నీళ్లు బర్రెలు తాగేవి.

తిరగాల్సిన ఊళ్లు రాజారావుకు చాలా ఉన్నాయి. "శివమ్మా, ప్రతి వారం నేను రాలేను. నువ్వు చూసి చెప్పగలవా? ఏ డ్రమ్ములో ఎన్ని ఉన్నాయో అక్కర్లేదు. ఎన్ని ఇళ్లలో కనబడుతున్నాయి, పోయిన వారం కంటే పెరిగాయా తగ్గాయా, అది తెలిస్తే చాలు. పెరిగితే వెంటనే కబురు చెయ్యి" అన్నాడు. తెల్ల గిన్నె, టార్చి ఆమె చేతికిచ్చాడు. పంచాయితీ వాళ్లు ఏదో కొంత ఇస్తామన్నారు.

మొదటి వారమే ఒక ఇంట్లో, "కోడి కోసే చెయ్యి మా నీళ్లల్ల వెడ్తవా?" అన్నారు. శివమ్మ గిన్నె కింద పెట్టి, "నేనెందుకు ముట్టుకుంట వదినా? నువ్వే ముంచి దీంట్ల పొయ్యి. నేను సూస్త" అంది. అన్ని ఇళ్లలోనూ అదే పద్ధతి పెట్టింది. దానివల్ల ఆమె అనుకోని మేలు జరిగింది. తమ చేత్తో ముంచి, తమ కళ్లతో గిలగిలలాడేవాటిని చూసిన ఆడవాళ్లకు ఇంకెవరూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. శివమ్మ రాకముందే డ్రమ్ములు తెరిచి చూసుకోవడం మొదలుపెట్టారు.

దసరా దాటేసరికి ఎక్కడో ఒక ఇంట్లో తప్ప పురుగులు కనబడలేదు. అయినా కిరాయి గదుల వైపు పగటిపూట దోమలు కుడుతూనే ఉన్నాయి. శివమ్మ ఆ చుట్టుపక్కలంతా వెతికి, పంక్చర్లు వేసే ఐలన్న పాత టైర్ల గుట్టలో వాన నీళ్లు చూసింది. ఐలన్న కాసేపు గొణిగి, టైర్లన్నీ రేకుల కిందికి ఎత్తి పెట్టాడు. చలికాలానికి సత్తెమ్మ వేళ్లు తిరగడం మొదలుపెట్టాయి. వాకిట్లో కూర్చుని మళ్లీ ఇంటి పని అందుకుంది.

మరుసటి వానాకాలం పక్క ఊళ్లలో డెంగీ అన్నారు. ఒక ఊరి నుంచి చావు కబురు కూడా వచ్చింది. ఎర్రగుంటపల్లి ఊపిరి బిగబట్టింది. శివమ్మ వారానికి రెండుసార్లు తిరగడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే పటేలు కోడలు సుమిత్రకు జ్వరం వచ్చింది. చలి పెట్టి వణుకుతోంది. ఏడో నెల.

రాధమ్మ పరుగున దుకాణానికి వచ్చింది. "శివమ్మా, మా డ్రమ్ములు మొన్న మంచిగనే సూసినవా? గదేనా ఏంది?"

శివమ్మ కత్తి పక్కన పడేసింది. పటేలు ఇంటికి పోయి ప్రతి డ్రమ్మూ చూసింది. పూల కుండీల కింది పళ్లేలు, బర్రెల తొట్టి, మేడ మీది రేకులు, ఏదీ వదల్లేదు. ఎక్కడా ఒక్క నలుసు లేదు. అయినా మనసు నిలవలేదు. దోమకు గోడలు అడ్డమా? ఎక్కడో ఒకటి తన కన్ను తప్పించుకుని ఉంటే?

"దవాఖానకు నువ్వు గూడ రా. నాకు భయమయితున్నది" అంది రాధమ్మ. ముగ్గురూ ఆటోలో పటాన్‌చెరు, అక్కడి నుంచి బస్సులో సంగారెడ్డి పెద్దాసుపత్రికి పోయారు. రక్తం తీశారు, మూత్రం తీసుకున్నారు, కూర్చోమన్నారు. వరండాలో జనం. చాపల మీద జ్వరాల పిల్లలు. సుమిత్ర అత్త ఒళ్లో తల పెట్టుకుని కళ్లు మూసుకుంది. శివమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. లోపలి నుంచి ఎవరు బయటికి వచ్చినా, వాళ్ల చేతిలో కాగితం వైపే ఆమె చూపు పోతోంది.

చివరికి పిలిచారు. లేడీ డాక్టరు పడుచు మనిషి, అలిసిపోయి ఉంది. కాగితాలు తిరగేసింది.

"డెంగీ కనబడలేదు. మలేరియా కూడా లేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంది, చలిజ్వరం దానివల్లే. కడుపుతో ఉన్నవాళ్లకు వస్తుంటుంది. మాత్రలు రాస్తున్నాను, నీళ్లు బాగా తాగించండి. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది. ఎల్లుండి ఒకసారి తీసుకురండి."

రాధమ్మ రెండు చేతులూ జోడించింది. శివమ్మకు మాత్రం అర్థం కావడానికి మరికొంచెం సేపు పట్టింది. "అంటే దోమది గాదా అమ్మా?" అని అడిగింది.

"కాదు" అంది డాక్టరు, మొదటిసారి నవ్వుతూ.

బయటికి వచ్చాక శివమ్మ బోరింగు దగ్గర ముఖం కడుక్కుంది. కడుక్కుంటూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. సుమిత్ర చూసి, "రోగం నాకా నీకా శివమ్మత్తా?" అంది.

పటాన్‌చెరు బస్టాండులో దిగేసరికి మాత్ర పనిచేసి సుమిత్రకు చెమట పట్టింది. ఆకలైంది. బండి మీద మిరపకాయ బజ్జీలు చూసి అడిగింది. "జొరంల బజ్జీలేందే, నోర్ముయ్" అంది రాధమ్మ. ఉడకబెట్టిన పల్లికాయలు కొన్నారు. వాన వెలిసి రోడ్డంతా తళతళలాడుతోంది. లారీలు బురద చిమ్ముకుంటూ బొంబాయి వైపు పోతున్నాయి. గుమ్మడిదల బస్సు వచ్చింది, సీట్లు దొరికాయి. ముగ్గురూ ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చుని, పొట్టు కిటికీలోంచి పారేస్తూ పల్లీలు తిన్నారు. పుట్టబోయే బిడ్డకు ఏం పేరు పెట్టాలన్న మాట వచ్చింది. రాధమ్మ ఒక పేరంది, సుమిత్ర వద్దంది. శివమ్మ నోరు తెరిచి ఏదో చెప్పబోయింది గాని, చెప్పకుండానే కునుకు పట్టేసింది. ఆమె తల రాధమ్మ భుజం మీదికి వాలింది. కోడలు లేపబోతే రాధమ్మ వద్దని చెయ్యి ఊపింది. ఊరి మలుపు వచ్చేదాకా ఆ భుజం కదపలేదు.